చిన్న ట్రాక్టర్ కొంటున్నారా? హెచ్‌పీ ఒక్కటే చూడకండి.. బరువు లేపాలంటే ముందు ఈ లెక్క తెలియాలి!

వెనక లిఫ్ట్‌కు బరువు తగిలించారు. లీవర్ లాగారు. బరువు లేచింది.. దాంతో పాటు ముందు టైర్లూ లేచాయి. స్టీరింగ్ తిప్పితే బండి తిరగదు. చిన్న ట్రాక్టర్ కొన్న చాలామందికి ఈ అనుభవం మొదటి నెలలోనే ఎదురవుతుంది. "750 కిలోలు లేపుతుందన్నారు కదా, 500 కిలోలకే ఇట్లయిందేంది?" అని తల పట్టుకుంటారు. నిజానికి కంపెనీ చెప్పిన లెక్క అబద్ధం కాదు. అయితే ఆ అంకె చెప్పేది ఒకటి, మనం అనుకునేది ఇంకొకటి.

హైదరాబాద్ తూర్పు వైపు ఈ ప్రశ్న ఇప్పుడు ఎక్కువ మందికి వస్తోంది. ఇల్లేమో ఉప్పల్‌లోనో నాచారంలోనో ఉంటుంది. భూమేమో ఘట్‌కేసర్, బీబీనగర్, పోచంపల్లి వైపు ఎకరమో రెండెకరాలో. ఇంకోవైపు మూసీ వెంట పీర్జాదిగూడ, పర్వతాపూర్, ప్రతాపసింగారం, కొర్రెముల మీదుగా దశాబ్దాలుగా పారాగడ్డి సాగు ఉంది. మూసీ నీళ్లతో పెరిగే ఆ పచ్చిగడ్డి నగరంలోని బర్రెల కొట్టాలకు పోతుంది. వీళ్లెవరికీ 50 హెచ్‌పీ ట్రాక్టర్ అక్కర్లేదు. అంత పెద్ద బండి గేటులో పట్టదు, చెట్ల మధ్య తిరగదు. దున్నే పని ఏడాదికి నాలుగైదు రోజులే. అసలు బాధంతా బరువులతోనే!

ముందు మీ బరువులు తూకం వేయండి

ట్రాక్టర్ చూడటానికి వెళ్లేముందు చేయాల్సిన పని ఇది. రోజూ ఏం లేపుతున్నారు? ఎంత బరువు?

యూరియా బస్తా 45 కిలోలు. డీఏపీ 50 కిలోలు, సిమెంటు 50 కిలోలు. ఇవి మనుషులే మోస్తారు, సమస్య లేదు. ఫెన్సింగ్‌కు పాతే రాతి కడీ సంగతి వేరు. 8 అడుగుల పొడవు, 5 అంగుళాల వెడల్పు, 4 అంగుళాల మందం ఉన్న గ్రానైట్ కడీ లెక్కేస్తే సుమారు 80 కిలోలు తూగుతుంది. అయిదు కడీలు కలిపి తెస్తే 400 కిలోలు. మందు కొట్టే 400 లీటర్ల ట్యాంకు నిండా నీళ్లు పోస్తే నీళ్లే 400 కిలోలు, పైన ఫ్రేమ్, పంపు బరువు అదనం.

పాడి ఉన్నవాళ్ల లెక్క ఇంకా పెద్దది. ఒక బర్రెకు రోజుకు 20 నుంచి 25 కిలోల పచ్చిగడ్డి కావాలి. 10 బర్రెలుంటే రోజుకు పావు టన్ను గడ్డి లోపలికి రావాలి. ఒక్కో బర్రె 15 నుంచి 20 కిలోల పెండ వేస్తుంది. అంటే నెలకు సుమారు 5 టన్నులు బయటికి పోవాలి. ఇదంతా గంపలతో మోసేది ఎక్కువగా ఇంట్లో ఆడవాళ్లే, లేదంటే జీతగాళ్లే. నడుములు పోయేది అక్కడే. చిన్న ట్రాక్టర్ ఆలోచన కూడా అక్కడే మొదలవుతుంది.

ఈ లెక్క కాగితం మీద పెట్టుకుంటే ఒక విషయం తేలిపోతుంది. చాలామందికి ఒకేసారి లేపాల్సిన బరువు 300 నుంచి 400 కిలోలు దాటదు. మరి 750 కిలోలు లేపే ఏ బండైనా సరిపోవాలి కదా? అక్కడే అసలు మెలిక ఉంది.

హెచ్‌పీకీ లిఫ్ట్‌కీ సంబంధం ఎంత?

తక్కువే. లిఫ్ట్‌ను లేపేది హైడ్రాలిక్ పంపు ఒత్తిడి, లోపలున్న సిలిండర్ సైజు, లింకు చేతుల పొడవు. ఇంజిన్ పంపును తిప్పుతుంది, అంతే.

కంపెనీలు ప్రకటించిన అంకెలే చూడండి. మహీంద్రా యువరాజ్ 215 ట్రాక్టర్ 15 హెచ్‌పీ. లిఫ్ట్ సామర్థ్యం 778 కిలోలు. అదే కంపెనీ జీవో 245 మోడల్ 24 హెచ్‌పీ. దాని లిఫ్ట్ 750 కిలోలు! కుబోటా నియోస్టార్ బీ2441 కూడా 24 హెచ్‌పీ, 750 కిలోలే. స్వరాజ్ టార్గెట్ 630 అయితే 29 హెచ్‌పీ, 980 కిలోలు. మహీంద్రా ఓజా 2121లో ఇంజిన్ 21 హెచ్‌పీయే అయినా లిఫ్ట్ 950 కిలోలు. ఇక 11 హెచ్‌పీ స్వరాజ్ కోడ్ లాంటిది కలుపు తీయడానికి, మందు కొట్టడానికి బాగుంటుంది. దాని లిఫ్ట్ 220 కిలోలు మాత్రమే. బరువుల కోసం దాన్ని తీసుకోకూడదు.

ఓజా సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. 2023 ఆగస్టు 15న దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో ఆ సిరీస్‌ను విడుదల చేశారు. తయారయ్యేది మాత్రం మన జహీరాబాద్‌లోనే. జపాన్‌లోని మిత్సుబిషి మహీంద్రాతో కలిసి డిజైన్ చేశారు. భారత్‌లో తెచ్చిన ఏడు మోడళ్లూ ఫోర్ వీల్ డ్రైవే. విడుదల రోజు ఓజా 2127 ధర పుణె ఎక్స్‌షోరూమ్ లెక్కన 5 లక్షల 64 వేల 500 రూపాయలని ప్రకటించారు.

ఆ అంకె ఎక్కడ కొలిచింది?

బ్రోచర్‌లో "లిఫ్ట్ కెపాసిటీ" అని రాసేది సాధారణంగా కింది లింకు చేతుల చివర, అంటే పనిముట్టు తగిలించే గుండ్ల దగ్గర కొలిచిన బరువు. కానీ మన బరువు ఆ గుండ్ల మీద కూర్చోదు కదా. ట్యాంకైనా, క్యారియర్ డబ్బా అయినా దాని మధ్యభాగం అక్కడి నుంచి అడుగున్నరో, రెండడుగులో వెనక్కి ఉంటుంది. బిందెను ఒంటికి ఆనించి పట్టుకోవడం వేరు, చెయ్యి చాపి పట్టుకోవడం వేరు. లిఫ్ట్‌కైనా అంతే.

అందుకే ట్రాక్టర్ పరీక్షల్లో రెండు చోట్ల కొలుస్తారు. ఒకటి లింకు చివర. రెండోది అక్కడి నుంచి 610 మిల్లీమీటర్లు, అంటే రెండడుగులు వెనక్కి పెట్టిన ఫ్రేమ్ మీద. రెండో అంకె ఎప్పుడూ తక్కువే వస్తుంది. ఎంత తక్కువ అనేది మోడల్‌ను బట్టి మారుతుంది. షోరూమ్‌లో అడగాల్సింది ఈ రెండో అంకెనే. "రెండడుగుల వెనక ఎంత లేపుతుంది?" అని అడగండి. సేల్స్‌మ్యాన్ దగ్గర సమాధానం లేకపోతే టెస్ట్ రిపోర్ట్ చూపించమనండి. మధ్యప్రదేశ్‌లోని బుద్నీలో కేంద్ర ప్రభుత్వ ట్రాక్టర్ పరీక్షా కేంద్రం ఉంది. అక్కడి రిపోర్టుల్లో హైడ్రాలిక్స్ గురించి ప్రత్యేకంగా ఒక భాగం ఉంటుంది.

ముందు టైర్లు ఎందుకు లేస్తాయి?

ఇక అసలు విషయం. లిఫ్ట్ బలంగా ఉంటే సరిపోదు. బండి కూడా ఆ బరువును తట్టుకుని నేల మీద నిలబడాలి. చిన్న ట్రాక్టర్‌కు బరువు తక్కువ, పొడవు తక్కువ. ఇరుకు సందుల్లో తిరిగేందుకు పనికొచ్చే ఆ గుణమే ఇక్కడ ఎదురు తిరుగుతుంది.

ఒక లెక్క వేద్దాం. ట్రాక్టర్ బరువు 1,000 కిలోలు అనుకోండి. అందులో 400 కిలోలు ముందు ఇరుసు మీద, 600 కిలోలు వెనక ఇరుసు మీద ఉన్నాయి. రెండు ఇరుసుల మధ్య దూరం 5 అడుగులు. వెనక తగిలించిన బరువు మధ్యభాగం వెనక ఇరుసుకు 4 అడుగుల దూరంలో ఉంది. ఇది పిల్లలాడుకునే సీసా బల్ల లాంటిదే. వెనక ఇరుసు దాని మధ్య దిమ్మె. వెనక ప్రతి 100 కిలోలకు ముందు వైపు 80 కిలోలు తేలికవుతుంది.

400 కిలోలు లేపారనుకోండి. ముందు ఇరుసు మీద 320 కిలోలు తగ్గుతాయి. మిగిలేది 80 కిలోలే. స్టీరింగ్ ఉన్నా లేనట్టే. అదే 500 కిలోలు లేపితే? ముందు మిగిలేది సున్నా. లిఫ్ట్‌లో ఇంకా 250 కిలోల సత్తువ ఉంది, కానీ బండి మాత్రం తోక మీద కూర్చుంది!

స్టీరింగ్ పనిచేయాలంటే ట్రాక్టర్ బరువులో కనీసం అయిదో వంతు ముందు టైర్ల మీద ఉండాలన్నది అందరూ పాటించే లెక్క. అంటే ఇక్కడ 200 కిలోలు. ఆ లెక్కన ఈ బండి వెనక భద్రంగా మోయగలిగేది 250 కిలోలే. బ్రోచర్‌లో 750 అని రాసి ఉన్నా సరే. ఇది కూడా చదును నేల మీద సంగతి. గట్టు ఎక్కేటప్పుడు బరువు ఇంకా వెనక్కి పోతుంది. వెనక బరువుతో గట్టు ఎక్కాల్సి వస్తే రివర్స్‌లో ఎక్కించడం మేలు.

ఫోర్ వీల్ డ్రైవ్ ఉంటే ఇబ్బంది లేదనుకునేవాళ్లూ ఉన్నారు. ముందు టైర్లు నేలను గట్టిగా పట్టినప్పుడే ఫోర్ వీల్ డ్రైవ్‌కు అర్థం. గాల్లో తిరిగే టైరు ఏం లాగుతుంది? అయితే మూసీ పక్కన గడ్డి మడుల్లాంటి బురద నేలలో ఫోర్ వీల్ డ్రైవ్ తప్పనిసరి. పైగా ముందు ఇరుసు కొంచెం బరువుగా ఉంటుంది కాబట్టి లేపే పనిలోనూ కాస్త లాభమే.

దీనికి మందు ఏమిటి?

ముందు బంపర్‌కు తగిలించే ఇనుప బరువులు. పై ఉదాహరణలోనే, ముందు ఇరుసుకు ఇంకో రెండడుగుల ముందు 100 కిలోల బరువు తగిలిస్తే ముందు ఇరుసు మీద 140 కిలోలు పెరుగుతాయి. అప్పుడు ముందు 220 కిలోలు మిగుల్చుకుంటూనే వెనక 400 కిలోల దాకా మోయొచ్చు. వెయ్యి కిలోల బండికి 100 కిలోల ఇనుము తగిలిస్తే వెనక 150 కిలోలు అదనంగా మోయొచ్చన్నమాట. ట్రాక్టర్ బేరమాడేటప్పుడు టాప్, స్టీరియో ఫ్రీగా అడిగేకన్నా ఈ ముందు బరువులు అడగడం తెలివైన పని.

చాలామంది వెనక టైర్లలో నీళ్లు నింపిస్తారు. దున్నేటప్పుడు పట్టు కోసం అది మంచిదే. కానీ వెనక లిఫ్ట్‌తో బరువు లేపినప్పుడు ముందు లేవకుండా ఆ నీళ్లు ఆపలేవు. ఆ బరువు సరిగ్గా దిమ్మె మీదే ఉంటుంది కదా.

ఇంకో ఉపాయానికి ఖర్చే లేదు. బరువును ట్రాక్టర్‌కు వీలైనంత దగ్గరగా జరపండి. 4 అడుగుల దగ్గరున్న బరువును 3 అడుగులకు తెస్తే 100 కిలోలకు ముందు తగ్గేది 80 కాదు, 60 కిలోలే. క్యారియర్ డబ్బా చేయించేటప్పుడు లోతు తక్కువ, వెడల్పు ఎక్కువ ఉండేలా చూసుకోవాలి. నాచారం, ఉప్పల్ ఇండస్ట్రియల్ ఏరియాల్లో వెల్డింగ్, ఫ్యాబ్రికేషన్ షెడ్లకు కొదవ లేదు. ఇలాంటి డబ్బా చేయించుకోవడం కష్టం కాదు. పిన్నుల సైజు మాత్రం ముందే చెప్పాలి. చిన్న ట్రాక్టర్ల కింది లింకుకు సాధారణంగా 22 మిల్లీమీటర్ల పిన్ను పడుతుంది. పెద్ద ట్రాక్టర్లకు 28. పక్క పొలంలోని పెద్ద బండి పనిముట్టు అడిగి తెచ్చుకుందామంటే కుదరదు. కుదిరినా, దాని సొంత బరువే చిన్న బండికి ఎక్కువైపోతుంది.

ముందు బకెట్ పెట్టిస్తే పోలా?

పెండ ఎత్తడానికి, మట్టి తోయడానికి ముందు లోడర్ చాలా సుఖం. కళ్లెదురుగా పని కనిపిస్తుంది. కానీ ఇక్కడ సీసా బల్ల అటు తిరుగుతుంది. ముందు ఇరుసు దిమ్మె అవుతుంది, వెనక టైర్లు లేస్తాయి. బకెట్ పైకెత్తి మలుపు తిప్పితే బండి పక్కకు ఒరిగే ప్రమాదం ఎక్కువ. తోటల కోసం చేసిన ఇరుకు ట్రాక్టర్లతో ఈ భయం మరీ ఎక్కువ. టైర్ల మధ్య వెడల్పే తక్కువ కాబట్టి.

లోడర్ వాడాలంటే వెనక లిఫ్ట్‌కు బరువు తగిలించి ఉండాలి. టైర్లలో నీళ్లు పనికొచ్చేది ఇక్కడే. అన్నిటికన్నా ముఖ్యం, ఆ మోడల్‌కు లోడర్ బిగించడానికి కంపెనీ ఒప్పుకుంటుందో లేదో రాతపూర్వకంగా తెలుసుకోవాలి. ముందు ఇరుసు, క్లచ్ హౌసింగ్ ఆ బరువు కోసం చేసినవి కాకపోతే పగుళ్లు వస్తాయి. వారంటీ కూడా పోతుంది. షెడ్డులో సొంతంగా చేయించిన లోడర్‌ను చిన్న ట్రాక్టర్‌కు బిగించడం మాత్రం వద్దే వద్దు. క్యారియర్ డబ్బా కింద పడితే డబ్బా పోతుంది. పైకెత్తిన బకెట్ పిన్ను ఊడితే మనిషి పోతాడు.

అసలు లేపాలా, మోయాలా?

ఈ రెండూ వేర్వేరు పనులు. చాలామంది కలిపేసుకుని తప్పు బండి కొంటారు. కొట్టం నుంచి పెంటకుప్ప దాకా, గేటు నుంచి బోరు దాకా.. ఇలా వంద, రెండొందల గజాల పనికి లిఫ్ట్ బాగుంటుంది. పర్వతాపూర్ నుంచి ఉప్పల్ మీదుగా గడ్డి తోలాలంటే లిఫ్ట్ పనికిరాదు. దానికి ట్రాలీ కావాలి, లేదంటే చిన్న ట్రక్కు మాట్లాడుకోవడమే చవక. వరంగల్ హైవే మీద ఉప్పల్, నారపల్లి మధ్య ట్రాఫిక్‌లో ట్రాక్టర్ నడపడం ఎంత నరకమో రోజూ తిరిగేవాళ్లకు తెలుసు.

ఒకవేళ బరువులు ఎత్తి ట్రాలీలో వేయడమే మీ పనైతే, అదీ వారానికి ఒకసారే అయితే, ట్రాక్టరే అక్కర్లేదు. గట్టి ఇనుప స్టాండు, ఒక టన్ను చైన్ బ్లాక్ చాలు. లక్షల్లో అయ్యే ఖర్చు వేలల్లో తేలిపోతుంది. అమ్మేవాళ్లు ఈ మాట చెప్పరు కాబట్టి ఇక్కడ చెప్పాల్సి వస్తోంది.

వ్యవసాయం కింద రిజిస్టర్ చేయించిన ట్రాక్టర్‌తో కిరాయికి ఇటుకలు, ఇసుక తోలితే ప్రమాదం జరిగినప్పుడు ఇన్సూరెన్స్ దగ్గర చిక్కులొస్తాయి. ట్రాలీకి కూడా విడిగా రిజిస్ట్రేషన్ ఉండాలి. ఇక లిఫ్ట్ మీద, మడ్‌గార్డ్ మీద మనుషుల్ని కూర్చోబెట్టడం.. చెప్పక్కర్లేదు.

డెమో మీ పొలంలోనే అడగండి

షోరూమ్ ముందు సిమెంటు నేల మీద ఏ బండైనా బాగానే లేపుతుంది. డెమో బండిని మీ పొలానికి రమ్మనండి. యూరియా బస్తాలు లెక్క సులువు. 9 బస్తాలంటే 405 కిలోలు. క్యారియర్ మీద కట్టి లేపించండి. ఇంజిన్ రేస్ చేయకుండా మామూలు స్పీడులోనే లేస్తుందా? ముందు టైర్లు ఎలా ఉన్నాయి? మెల్లగా నడుపుతూ పూర్తిగా మలుపు తిప్పి చూడండి. తర్వాత బరువును పైనే ఉంచి ఇంజిన్ ఆపేయండి. పావుగంట తర్వాత ఎంత కిందకి దిగిందో కొలవండి. అధికారిక పరీక్షల్లోనూ ఇలాగే అరగంట పాటు బరువును నిలబెట్టి ఎంత దిగుతుందో చూస్తారు. కొత్త బండి గబగబా దిగిపోతే తీసుకోవద్దు. సెకండ్ హ్యాండ్ బండైతే ఈ ఒక్క పరీక్షతోనే సగం జాతకం బయటపడుతుంది. సీళ్లు అరిగిపోతే ముందు తెలిసేది ఇక్కడే.

ఈ పావుగంటలో ఎవరూ ఆ బరువు కిందికి వెళ్లకూడదు. పైకెత్తిన పనిముట్టు కింద చెయ్యి పెట్టాల్సి వస్తే ముందు కింద దిమ్మెలు పెట్టాల్సిందే. హైడ్రాలిక్ ఆయిల్‌ను నమ్మి ఎవరూ దూరకూడదు.

మొద్దులు, రాళ్లు లాగేటప్పుడు గొలుసును టాప్ లింక్‌కో, వెనక ఇరుసు మీదో కట్టడం ఇంకో పెద్ద తప్పు. అక్కడ కట్టి లాగితే బండి వెనక్కి తిరగబడుతుంది. డ్రైవర్ కాలు క్లచ్ మీదికి పోయేలోపే అయిపోతుంది. గొలుసు ఎప్పుడూ కింద డ్రాబార్‌కే కట్టాలి. తలపైన రక్షణ కమాను ఉన్న మోడల్ దొరికితే కొంచెం ఎక్కువ పెట్టి అయినా అదే తీసుకోవాలి. సీటు బెల్టు పెట్టుకుంటేనే ఆ కమాను కాపాడుతుంది.

ధర మాటేమిటి?

2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యవసాయ ట్రాక్టర్లపై జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. ట్రాక్టర్ టైర్లు, విడిభాగాల మీద 18 ఉన్నది 5 అయింది. కొటేషన్ తీసుకునేటప్పుడు జీఎస్టీ ఎంత వేశారో చూడండి. ముందు బరువులు, డ్రాబార్, రక్షణ కమాను అందులో కలిపారా లేదా అన్నది కూడా విడిగా రాయించుకోండి.

రోజూ గంటసేపైనా పని ఉన్న పాడి రైతుకు సొంత బండి లాభమే. నెలకు రెండు ఆదివారాలు పొలానికి పోయేవాళ్లు కిరాయికి మాట్లాడుకుంటేనే మంచిది. నెలల తరబడి కదలకుండా నిలబెట్టిన ట్రాక్టర్‌కు బ్యాటరీ డౌనవుతుంది, ఎలుకలు వైర్లు కొరుకుతాయి, ఈఎంఐ మాత్రం ఆగదు.

నడపడం కొత్తయితే అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఉంది. ట్రాక్టర్ వాడకం, మరమ్మతుల మీద అక్కడ శిక్షణ ఇస్తారు. అంతదూరం పోలేనివాళ్లు డెలివరీ రోజు మెకానిక్‌ను ఒక పూట ఉంచుకుని లిఫ్ట్ లీవర్లు రెండూ ఏం చేస్తాయో దగ్గరుండి నేర్చుకోవాలి. ఇంట్లో బండి నడిపే ప్రతి ఒక్కరూ ఆ పూట అక్కడే ఉండాలి. సాయంత్రం బండి ఆపేటప్పుడు లిఫ్ట్‌ను పూర్తిగా కిందకి దింపి, తాళం చెవి తీసి జేబులో వేసుకోవాలి. కొట్టం దగ్గర పిల్లలు ఆడుకుంటూ ఉంటారు.